పేరు మీది, పని కూడా మీదే: బీమా ఏజెన్సీలో ఆడవాళ్లు నిలదొక్కుకునే దారి

మన ఊళ్లలో ఆడవాళ్ల పేరున ఉన్న బీమా ఏజెన్సీలకు కొదవ లేదు. బోర్డు మీద పేరు ఆవిడది, సంచి తగిలించుకుని తిరిగేది ఆయన. కమీషన్ ఆవిడ ఖాతాలోనే పడుతుంది, ఏటీఎం కార్డు మాత్రం ఆయన జేబులో ఉంటుంది. ఇలాంటి ఏజెన్సీ ఇరవై ఏళ్లు నడిచినా ఆవిడకు పని రాదు. పని రాని చోట ధైర్యం రమ్మంటే ఎక్కణ్నుంచి వస్తుంది?

అందుకే ఇక్కడ వ్యక్తిత్వ వికాసం జోలికి పోవడం లేదు. గడపలో నిలబడినప్పుడు ఎదుటివాళ్లు అడిగినదానికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే గొంతు దానంతటదే గట్టిపడుతుంది. ఆ జవాబులు ఎలా చేతికొస్తాయి, మొదటి మూడేళ్లలో ఏం చేయాలి, తర్వాత పైకి ఏయే దారులున్నాయి అన్నదే విషయం. ఉదాహరణకు, ఆడవాళ్లను ఏజెంట్లుగా తీసుకుని మొదటి మూడేళ్లు స్టైపెండ్ ఇచ్చే ఎల్‌ఐసీ బీమా సఖి పథకాన్ని తీసుకున్నాం. వేరే కంపెనీలో చేరేవాళ్లకు స్టైపెండ్ లెక్క పనికిరాదు, మిగతాదంతా పనికొస్తుంది.

1. చేరే ముందు కాగితం మీద లెక్క వేసుకోండి

బీమా సఖి 2024 డిసెంబర్ 9న మొదలైంది. పదో తరగతి పాసై, 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్న మహిళలకు అవకాశం. ఇప్పటికే ఏజెంటుగానో ఉద్యోగిగానో ఉన్నవారి భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, దగ్గరి అత్తింటివాళ్లు అర్హులు కారు. ఈ సంగతి ముందే చూసుకోండి, పరీక్ష రాశాక తెలిస్తే బాధ.

స్టైపెండ్ మొదటి ఏడు నెలకు 7,000, రెండో ఏడు 6,000, మూడో ఏడు 5,000 రూపాయలు. ఇది జీతం కాదు, మీరు ఉద్యోగి కారు. షరతులున్నాయి. మొదటి ఏడాది 24 మందికి పాలసీలు చేయాలి, బోనస్ కమీషన్ కలపకుండా మొదటి సంవత్సరం కమీషన్ 48,000 రావాలి. చాలామంది 24 అన్న అంకె దగ్గరే ఆగిపోతారు. నెలకు రెండేగా అనుకుంటారు. రెండో అంకె దగ్గర దెబ్బ తగులుతుంది.

48,000ని 24తో భాగిస్తే ఒక్కో పాలసీకి 2,000 కమీషన్ రావాలి. కమీషన్ 25 శాతం అనుకుంటే ఏడాది ప్రీమియం 8,000, అంటే నెలకు దాదాపు 670 రూపాయలు. ఈ శాతం ప్లానును బట్టి, కాలపరిమితిని బట్టి మారుతుంది కాబట్టి మీ డీఓ (ఏజెంట్లను చూసుకునే డెవలప్‌మెంట్ ఆఫీసర్) గారిని అడిగి అసలు అంకెతో లెక్క మళ్లీ వేసుకోండి. నెలకు 300 కట్టే చిన్న పాలసీలు 24 చేస్తే తలల లెక్క సరిపోతుంది, డబ్బుల లెక్క సగం దగ్గర ఆగుతుంది. ఒకేసారి కట్టే సింగిల్ ప్రీమియం చూసి మురిసిపోకండి. దాని మీద కమీషన్ సుమారు 2 శాతమే. లక్ష రూపాయల పాలసీకి వచ్చేది 2,000.

2. ఐసీ-38 పరీక్ష

ఏజెంటు కావాలంటే రాయాల్సిన పరీక్ష ఇది. 25 గంటల శిక్షణ, తర్వాత కంప్యూటర్ మీద పరీక్ష. 50 ప్రశ్నలు, గంట సమయం, పాస్ మార్కు 35 శాతం. తప్పు జవాబుకు మార్కు కోత లేదు, కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దు. తెలుగులో రాయొచ్చు. అయితే తెలుగు పుస్తకంలో మాటలు గ్రాంథికంగా ఉంటాయి, ఆఫీసులో అందరూ ఇంగ్లీషు మాటే వాడతారు. ప్రతి పదాన్నీ రెండు విధాలా రాసుకోండి: నామనిర్దేశం అంటే నామినేషన్, హక్కు బదిలీ అంటే అసైన్‌మెంట్, పరమ విశ్వాసం అంటే అడిగిన ఆరోగ్య విషయాలేవీ దాచకుండా చెప్పడం. ఈ మూడూ పరీక్షలోనే కాదు, బయట కూడా రోజూ ఎదురవుతాయి.

దరఖాస్తుకు ముందు ఆధార్, పాన్, పదో తరగతి సర్టిఫికెట్ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పాన్‌లో ఇంటిపేరు బదులు ఒక్క అక్షరం ఉంటాయి. పెళ్లయిన ఆడవాళ్ల దరఖాస్తులకు ఇదొక పెద్ద అడ్డంకి. ఏదో ఒక రూపానికి ముందే మార్పించుకోండి. ఈ తిప్పలు మీరు పడితే, రేపు మీ పాలసీదారు భార్య నామినీగా ఇదే చిక్కులో పడకుండా చూడాలన్న జ్ఞానం కూడా వస్తుంది.

3. ఫోను, ఓటీపీ, ఖాతా మీ చేతిలోనే

ఏజెన్సీ కోడ్ వచ్చిన రోజే మూడు పనులు చేయండి. రిజిస్టర్ చేసిన ఫోన్ నంబరు మీరు వాడేదై ఉండాలి. పోర్టల్ పాస్‌వర్డ్ మీరే పెట్టుకోవాలి. కమీషన్ పడే ఖాతా మీ ఒక్కరి పేరునే ఉండాలి, ఇంటి ఖర్చుల ఖాతాతో కలపొద్దు.

ఇంట్లోవాళ్ల మీద అనుమానంతో చెబుతున్న మాట కాదిది. ఓటీపీ వేరేవాళ్ల ఫోనుకు వెళ్తే పాలసీ ఎప్పుడు పూర్తయిందో, ఏది రిజెక్టయిందో మీకు తెలియదు. పాలసీదారు అడిగితే 'మా ఆయన్ను అడిగి చెబుతాను' అనాల్సి వస్తుంది. ఆ ఒక్క మాటతో మీ దగ్గరకు రావాల్సిన మనిషి మీ ఆయన దగ్గరకు వెళ్లిపోతాడు. భర్త బండి మీద దింపితే మంచిదే, గుమ్మం బయట ఆగితే ఇంకా మంచిది.

ఎల్‌ఐసీలో ఆనంద యాప్ ద్వారా ఆధార్ ఆధారంగా కాగితం లేకుండా ప్రపోజల్ (పాలసీ కోసం పెట్టే దరఖాస్తు) పూర్తి చేయొచ్చు. దీన్ని ఎవరి చేతో చేయించుకోకండి. మొదటి మూడు ప్రపోజళ్లూ బ్రాంచిలో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని మీ వేలితోనే నొక్కుతూ చేయండి. ఫోటో మసకగా ఉండటం, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవకపోవడం, పాలసీదారు ఓటీపీ చెప్పేలోపు సమయం దాటిపోవడం, మొదట్లో ఎదురయ్యేవి ఇవే. మూడుసార్లు చేస్తే నాలుగోది అరగంట పని.

4. పదహారు అంకెలు నోటికి రావాలి

రెండు ప్లాన్లు ఎంచుకోండి, ఎక్కువ వద్దు. 25, 30, 35, 40 ఏళ్ల వయసులకు, 15, 20 ఏళ్ల కాలానికి, 2 లక్షల పాలసీకి నెల ప్రీమియం ఎంతో రాసుకోండి. రెండు ప్లాన్లు, నాలుగు వయసులు, రెండు కాలాలు కలిపితే పదహారు అంకెలు. వంటింటి గోడకు అంటించుకుని వారం రోజులు చదవండి. 4 లక్షలడిగితే రెండింతలు చెప్పండి. అసలు అంకె కొంచెం తగ్గొచ్చు, ఎందుకంటే పెద్ద మొత్తానికి కాస్త రాయితీ ఉంటుంది. చాలా ఎండోమెంట్ ప్లాన్లలో (బీమాతో పాటు పొదుపూ ఉండేవి) ఏడాదికోసారి కడితే 2 శాతం, ఆరు నెలలకోసారి కడితే 1 శాతం తగ్గింపు వస్తుంది. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. పాత రసీదు చూపించి 'మరి ఇందులో పన్ను ఉందేం?' అని అడిగేవాళ్లకు ఈ తేదీ చెప్పగలగాలి.

ఫోనులో కాలిక్యులేటర్ ఉండగా ఇదంతా ఎందుకంటారా? రచ్చబండ మీద నలుగురు మగవాళ్లు కూర్చుని 'మా బావమరిదికి 35 ఏళ్లు, ఎంత పడుద్దమ్మా?' అని ఒక పరీక్ష పెడతారు. మీరు ఫోను తీసి వెతుకుతుంటే వాళ్లు మళ్లీ పంటల మాటల్లో పడిపోతారు. 'నెలకు దాదాపు ఇంత బాబాయ్, సరైన అంకె ఇప్పుడే చూసి చెబుతా' అంటే మాట మీ చేతిలోనే ఉంటుంది.

5. ఎవరి దగ్గరకు ముందు వెళ్లాలి

అందరూ చెప్పేది చుట్టాల జాబితా రాసుకోమని. మొహమాటానికి తీసుకున్న పాలసీ రెండో ఏడు ఆగిపోతుంది, చుట్టరికం కూడా పలచబడుతుంది. చుట్టాల్లో ముగ్గురికి మించి మొదటి ఆరు నెలల్లో అడగకండి.

దానికంటే డ్వాక్రా సంఘం సమావేశం మంచిది. అక్కడికి పాలసీ అమ్మడానికి వెళ్లకండి, పాస్‌బుక్కులు చూడటానికి వెళ్లండి. ఏటా మే నెలాఖరులో చాలా ఖాతాల్లోంచి 436 రూపాయలు, 20 రూపాయలు కట్ అవుతాయి. మొదటిది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, రెండోది సురక్షా బీమా. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరినవాళ్లకు ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు మొదటిదాంట్లో, 18 నుంచి 70 ఏళ్లవాళ్లకు ప్రమాద మరణానికి 2 లక్షలు రెండోదాంట్లో. బీమా సంవత్సరం జూన్ 1 నుంచి మే 31 వరకు. జీవన్ జ్యోతిలో కొత్తగా చేరినవాళ్లకు మొదటి 30 రోజులు ప్రమాద మరణం తప్ప మిగతాది వర్తించదు. డబ్బు కట్ అవుతోందని తెలియని ఇళ్లు చాలా ఉంటాయి. మనిషి పోయాక క్లెయిం చేయాలని తెలియని ఇళ్లూ ఉంటాయి.

వీటి మీద మీకు పైసా కమీషన్ రాదు, ఇవి బ్యాంకు ద్వారా నడిచేవి. కానీ పాస్‌బుక్కులో ఆ గీతను వేలితో చూపించి 'అక్కా, ఇది ఏంటో తెలుసా?' అన్న మనిషిని సంఘం గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత నెల మీరు వెళ్లేసరికి ఒకరిద్దరు తమ ఇంట్లో పాత బాండు పట్టుకొస్తారు. అక్కణ్నుంచి పని మొదలవుతుంది.

6. గడప దగ్గర

ముందు అడగండి, తర్వాత చెప్పండి. ఇంట్లో సంపాదించేది ఎంతమంది, అప్పు ఎంత, పిల్లల వయసులు, ఇప్పటికే ఉన్న పాలసీలు. ఈ నాలుగూ తెలియకుండా ప్లాను పేరు ఎత్తొద్దు. చిన్న పిల్లలున్న ఆటో డ్రైవరుకు 2 లక్షల ఎండోమెంట్ చేసి, మనిషి పోతేనే డబ్బొచ్చే టర్మ్ పాలసీ సంగతే చెప్పకపోతే అది తప్పు పని. టర్మ్‌లో ప్రీమియం తక్కువ, మీకొచ్చేదీ తక్కువే. అయినా ముందు అదే చెప్పండి, ఏడాది సంపాదనకు పదింతలైనా కవర్ ఉండాలని లెక్క వేసి చూపించండి. వద్దంటే అప్పుడు పొదుపు కలిసిన పాలసీ. రేపు పక్కింటి ఇంజినీరు కుర్రాడు వచ్చి 'మీకు టర్మ్ గురించి చెప్పలేదా?' అని అడిగినప్పుడు మీ మాట నిలబడుతుంది.

'డబ్బు రెట్టింపవుతుంది' అనే మాట ఎప్పుడూ అనొద్దు. బోనస్ ఉన్న పాలసీలకు లాభం అంచనా కాగితం 4 శాతం, 8 శాతం అని రెండు వరుసల్లో వస్తుంది, రెండూ అంచనాలే. 4 శాతం వరుసనే చూపించి, 'ఇంతకంటే ఎక్కువొస్తే సంతోషం' అనండి. బాండు చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చని కూడా మీరే చెప్పండి. ఆ మాట చెప్పినందుకు పాలసీలు తగ్గవు, నమ్మకం పెరుగుతుంది.

వాయిదా మాటలకు తేదీతో జవాబివ్వండి. ఎలాగంటే:

'ఇప్పుడెందుకమ్మా, పంట చేతికొచ్చాక చూద్దాంలే.'
'ఎప్పటికొస్తుంది బాబాయ్, సంక్రాంతికా?'
'వడ్ల డబ్బులు పడేసరికి జనవరి ఆఖరవుద్ది.'
'అయితే ఫిబ్రవరి 2న పొద్దున వస్తాను. కిస్తీ కూడా ఏటా ఫిబ్రవరికే పెట్టుకుందాం, అప్పుడైతే కట్టడం సుళువు.'

ఈ నాలుగు మాటల్లో అసలు విషయం చివరిది. వరి రైతుకు ఆగస్టులో కిస్తీ పెడితే అది కట్టడు, నాట్ల ఖర్చు మీద పడి ఉంటుంది. పత్తి, మిర్చి అమ్మే నెలలు వేరు. జీతగాళ్లకు నెల మొదటి వారం. కిస్తీ నెల మనిషి చేతిలో డబ్బుండే నెల కావాలి, మీ టార్గెట్ నెల కాకూడదు. ఆషాఢం కాబట్టి ఇప్పుడొద్దంటే వాదన పెట్టుకోకండి, శ్రావణంలో ఒక శుక్రవారం రాసుకోండి. మార్చిలో పన్ను కోసమని పరుగెత్తుకొచ్చేవాళ్లను ఒక మాట అడగండి: పాత పన్ను విధానంలోనే ఉన్నారా? కొత్త విధానంలో ఈ ప్రీమియానికి మినహాయింపు లేదు. అది తెలియక తీసుకున్న పాలసీ మళ్లీ మార్చిలో ఆగిపోతుంది.

'మీ ఆయన్ను పంపమ్మా, ఆయనతో మాట్లాడతా' అనేవాళ్లు తప్పక తగులుతారు. కోపం అక్కర్లేదు, నవ్వి ఊరుకోవడమూ వద్దు. 'ఏజెంటును నేనేనండీ, కోడ్ నా పేరునే ఉంది. రేపు మీకు క్లెయిం వచ్చినా సంతకం పెట్టి తిరగాల్సింది నేనే' అని ఐడీ కార్డు చూపించి ఫారం తీయండి.

7. ఫారం నింపేటప్పుడు: మీకున్న అసలు బలం ఇక్కడే

ప్రపోజల్‌లో ఆడవాళ్లకు వేరుగా కొన్ని ప్రశ్నలుంటాయి. ఇప్పుడు గర్భవతా, ఆఖరి కాన్పు ఎప్పుడు, గర్భస్రావం అయిందా, గర్భసంచికి సంబంధించిన ఆపరేషన్ ఏమైనా జరిగిందా? మన పల్లెల్లో ముప్పయ్యైదు దాటకుండానే గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎందరో. మగ ఏజెంటు అడిగితే తల దించుకుని 'ఏం లేదు' అంటారు, ఆయనా 'లేదు' అని టిక్ పెట్టుకుని వెళ్లిపోతాడు. ఆ ఒక్క టిక్కు మూడేళ్లలోపు క్లెయిం వస్తే కుటుంబం మెడకు చుట్టుకుంటుంది. బీమా చట్టం సెక్షన్ 45 ప్రకారం మూడేళ్లు నిండాక పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి వీల్లేదు, ఆలోపైతే మాత్రం కంపెనీ పాత ఆసుపత్రి కాగితాలు తవ్వుతుంది.

మీరైతే ఆమెను వంటింట్లోకో పెరట్లోకో తీసుకెళ్లి అడగగలరు. అడిగే తీరు కూడా ముఖ్యం. 'ఆరోగ్యం బాగుందా?' అంటే అందరూ బాగుందంటారు. 'ఏ మాత్రైనా రోజూ వేసుకుంటున్నారా? ఆసుపత్రిలో ఒక్క రాత్రైనా పడుకున్నారా? కడుపు కోసిన మచ్చ ఉందా?' అని అడగండి. మగవాళ్లను చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ అని పేరు పెట్టి అడగండి. 'పొగాకు అలవాటుందా' అంటే ఖైనీ వేసుకునేవాడు లేదనే అంటాడు, అతని లెక్కలో అది పొగ కాదు మరి. షుగరుంటే ఉందని రాయండి. ప్రీమియం కొంచెం పెరగొచ్చు, పరీక్షలకు పంపొచ్చు, ఒక్కోసారి తిరస్కరించొచ్చు. పోతే పోనివ్వండి.

సొంత సంపాదన లేని గృహిణికి ఎంత బీమా ఇస్తారన్నది భర్తకున్న బీమాను బట్టి ఉంటుంది. ఆయనకు ఏమీ లేకుండా ఆవిడకు పెద్ద మొత్తం ప్రపోజల్ పెడితే వెనక్కొస్తుంది. అదే కుట్టుమిషను, పాలు, కిరాణా ఉంటే ఆ ఆదాయాన్ని ఫారంలో సరిగా చూపించండి. చాలామంది ఏజెంట్లు అలవాటుగా 'గృహిణి' అని రాసి పారేస్తారు.

నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా. నామినీ మైనరైతే అపాయింటీ (పిల్లల తరఫున డబ్బు తీసుకునే పెద్దవాళ్లు) పేరు తప్పనిసరిగా రాయించండి. పెళ్లికాక ముందు తల్లిని నామినీగా పెట్టుకున్న కుర్రాడు పెళ్లయ్యాక మార్చుకున్నాడో లేదో ఏడాదికోసారి అడగండి.

ఇంకొకటి, చాలామంది ఏజెంట్లకే తెలియనిది. వ్యాపారం చేసేవాళ్లు, ఎరువుల కొట్టు పెట్టినవాళ్లు, అప్పుల మధ్య తిరిగేవాళ్లు తమ జీవితం మీద పాలసీ తీసుకునేటప్పుడు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేరున పెట్టొచ్చు. అప్పుడు ఆ డబ్బు భార్యాపిల్లలదే, భర్త అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. ప్రపోజల్ రోజే పెట్టాలి, పాలసీ వచ్చాక మార్చడం కుదరదు. లోను కోసం, సరెండర్ (పాలసీ మధ్యలో ఆపి డబ్బు తీసుకోవడం) కోసం తర్వాత ఆయన ఒక్కడే సంతకం పెట్టి తీసుకోలేడని కూడా చెప్పండి, లేకపోతే మీతో గొడవపడతాడు.

8. డబ్బు ముట్టుకునే విషయం

ప్రీమియం కంపెనీకి చేరితేనే బీమా మొదలవుతుంది, మీ చేతికి చేరితే కాదు. మీరు నగదు తీసుకుంటే సెలవులు పోను 24 గంటల్లో జమ చేయాలని చట్టమే చెబుతోంది. మీ సంచిలో డబ్బుండగా మనిషి పోతే ఆ ఇంటి ముందు మీరు నిలబడలేరు. వీలైనంతవరకు పాలసీదారు ఫోను నుంచే కట్టించండి, లేదా బ్యాంకు నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెట్టండి.

'మొదటి కిస్తీలో సగం నువ్వు పెట్టుకో' అని అడుగుతారు. దాన్ని రిబేటింగ్ అంటారు, బీమా చట్టం సెక్షన్ 41 కింద నేరం, జరిమానా 10 లక్షల వరకు ఉంటుంది. ఇస్తే ఊరంతా తెలుస్తుంది, రేపటి నుంచి ఎవరూ పూర్తి ప్రీమియం కట్టరు. టార్గెట్ కోసం సొంత డబ్బుతో చుట్టాల పేరున పాలసీలు కట్టడం ఇంకా చెడ్డది. స్టైపెండ్ 7,000 కోసం బంగారం కుదువ పెట్టే స్థితి వస్తుంది. 'ఈ నెల ఎలాగైనా రెండు పూర్తి చేయండి' అని పైనుంచి ఫోనొచ్చినా సరే, ఈ పని చేయకండి.

ఏడాదిలో కమీషన్ 20,000 దాటితే టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) 2 శాతం కోస్తారు. మీ మొత్తం ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. నాలుగేళ్ల రిటర్నులు చేతిలో ఉంటే రేపు బ్యాంకులో బండి లోనుకో ఇంటి లోనుకో మీ పేరునే వెళ్లొచ్చు. దానికున్న విలువ ఆ 2 శాతం కంటే చాలా ఎక్కువ.

9. రెండో ఏడు: పాతవి ఆగకుండా

బీమా సఖిలో రెండో ఏడాది స్టైపెండ్ రావాలంటే మొదటి ఏడు చేసిన పాలసీల్లో 65 శాతం నడుస్తూ ఉండాలి. 24లో 16. మొహమాటపు పాలసీలు ఎనిమిది దాటితే గీత దాటిపోయినట్టే. ఎక్కడ చేరినా 13వ నెల నిలకడనే (ఏడాది దాటి నడుస్తున్న పాలసీల శాతం) కంపెనీ ముందు చూస్తుంది. కమీషన్ ఏళ్ల తరబడి వచ్చేది కూడా నడిచే పాలసీల మీదే.

200 పేజీల లాంగ్‌బుక్ ఒకటి కొనండి. నెలకో పేజీ, అందులో ఆ నెల డ్యూ ఉన్నవాళ్ల పేరు, పాలసీ నంబరు, మొత్తం, గ్రేస్ (డ్యూ దాటాక ఇచ్చే గడువు) ఆఖరి తేదీ. నెలవారీ కిస్తీకి గ్రేస్ 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు. డ్యూకు పది రోజుల ముందు ఒక మెసేజ్, డ్యూ రోజు ఒక ఫోను, గ్రేస్‌కు వారం ముందు స్వయంగా వెళ్లడం. బ్యాంకు ఆటో డెబిట్ ఉన్నవాళ్ల విషయంలో కూడా ఏమరుపాటు వద్దు. ఖాతాలో డబ్బు లేక ఒకసారి బౌన్సయితే బ్యాంకు చార్జీ పడుతుంది, మనిషి విసుక్కుని మొత్తం ఆపేస్తాడు.

కిస్తీ కట్టక పాలసీ ల్యాప్సయితే సాధారణంగా ఐదేళ్లలోపు వడ్డీ కట్టి, ఆరోగ్య ప్రకటన ఇచ్చి పునరుద్ధరించుకోవచ్చు. కానీ సెక్షన్ 45లోని మూడేళ్ల గడువు పునరుద్ధరించిన రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. 'తర్వాత ఒకేసారి కట్టుకుంటాలే' అనే పెద్దాయనకు చెప్పాల్సింది ఈ మాటే.

10. క్లెయిం వచ్చిన రోజు

మరణవార్త తెలిసిన రోజు కాగితాల మాట ఎత్తొద్దు. పెద్దకర్మ అయ్యేలోపు ఒకసారి వెళ్లి కూర్చుని రండి. ఆ తర్వాత మరణ ధ్రువీకరణ పత్రం, ఒరిజినల్ బాండు, నామినీ ఆధార్, పాన్, రద్దు చేసిన చెక్కు లేదా పాస్‌బుక్కు నకలు, క్లెయిం ఫారం. ప్రమాదమైతే ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు కూడా. విచారణ అక్కర్లేని క్లెయిం 15 రోజుల్లో, విచారణ ఉన్నది 45 రోజుల్లో తేల్చాలి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు చూడండి. భర్త పోయిన మనిషి బయటకు రాకూడదని బావగారో మరిదో బ్రాంచికి వస్తారు. డబ్బు నామినీ ఖాతాలోకే పడుతుంది కాబట్టి ఖాతా వివరాలు ఆవిడ చేతి నుంచే తీసుకోండి, ఆవిడ ముందు కూర్చుని ఆవిడ చేతే సంతకం చేయించండి. ఆవిడకు సొంత ఖాతా లేకపోతే ముందు అది తెరిపించండి. ఇంట్లోకి నేరుగా వెళ్లి ఆమెతో మాట్లాడగలిగేది మీరే.

క్లెయిం తిరస్కరిస్తే లేదా కదలకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇప్పించండి, బీమా నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయొచ్చు. నెల గడిచినా తేలకపోతే, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, బీమా ఫిర్యాదులు విని తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లాలి. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి.

11. తిరిగేటప్పుడు

కొత్త ఇంటికి మొదటిసారి పగలే వెళ్లండి. మగవాళ్లొక్కరే ఉంటే గుమ్మంలోనే మాట్లాడి, 'అక్క ఉన్నప్పుడు వస్తానండీ' అని వచ్చేయండి. రాత్రి ఎనిమిదికి ఫోను చేసి పాలసీ గురించి మాట్లాడదామనేవాళ్లకు పొద్దున బ్రాంచికి రమ్మని చెప్పండి. నిజంగా పాలసీ కావాలనుకునేవాళ్లు వస్తారు.

బ్రాంచిలో ఎవరైనా ఇబ్బంది పెడితే 'నేను ఉద్యోగిని కాను కదా' అని ఊరుకోకండి. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013 చట్టం ఉద్యోగిగా ఉన్నా లేకపోయినా మహిళకు వర్తిస్తుంది. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు అంతర్గత కమిటీకి రాసివ్వాలి. మెసేజీలు తుడిచేయకండి.

12. పైకి వెళ్లే దారులు

చట్ట ప్రకారం ఒక ఏజెంటు ఒక జీవిత బీమా కంపెనీ, ఒక జనరల్ బీమా కంపెనీ (బండి, ఇల్లు లాంటివాటికి), ఒక ఆరోగ్య బీమా కంపెనీ తరఫున పనిచేయొచ్చు. రెండో ఏడాదిలో జనరల్ తీసుకోండి. బండికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి కాబట్టి అడిగి ఒప్పించాల్సిన పని లేదు, గడువు తేదీ గుర్తుపెట్టుకుంటే చాలు. కమీషన్ చిన్నదే, కానీ ఏటా ప్రతి ఇంటికీ వెళ్లడానికి ఒక సాకు దొరుకుతుంది.

ఎల్‌ఐసీలో ఏజెంట్ల పనిని గుర్తించే క్లబ్బులున్నాయి, బ్రాంచి మేనేజర్ క్లబ్ నుంచి ఛైర్మన్ క్లబ్, ఆపైన కార్పొరేట్ క్లబ్ వరకు మెట్లున్నాయి. కొత్త వ్యాపారంతో పాటు పాత పాలసీల నిలకడను కూడా చూస్తారు. ఏజెంట్ల గ్రాట్యుటీ పరిమితి 2023లో 3 లక్షల నుంచి 5 లక్షలకు పెరిగింది. స్టేజీ మీద శాలువా కంటే ఇలాంటివి ముందు తెలుసుకోండి.

డిగ్రీ ఉంటే డెవలప్‌మెంట్ ఆఫీసర్ పోస్టు మీద కన్నేసి ఉంచండి. అప్రెంటిస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్ల నియామకంలో ఏజెంట్లకు వేరే కేటగిరీ ఉంది. ఏజెన్సీలో ఇన్నేళ్లు ఉండాలి, ఇంత వ్యాపారం చేసి ఉండాలి, వయసు ఇంతలోపు ఉండాలని షరతులుంటాయి. అవి నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంటాయి. మన రెండు రాష్ట్రాలూ హైదరాబాద్ కేంద్రంగా ఉన్న సౌత్ సెంట్రల్ జోన్ కిందకు వస్తాయి. ఇంటర్ పాసై డిగ్రీ లేనివాళ్లు దూరవిద్యలో ఇప్పుడే చేరితే, ఏజెన్సీలో మూడేళ్లు నిండేసరికి డిగ్రీ కూడా చేతికొస్తుంది.

డెస్కు పని ఇష్టమైనవాళ్లకు ముంబై ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పరీక్షలున్నాయి. లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలోషిప్ అని మూడు మెట్లు. లైసెన్షియేట్ ఉంటే క్లెయింలు, అండర్‌రైటింగ్ (ప్రపోజల్ ఒప్పుకోవాలో లేదో తేల్చే పని), బ్రోకింగ్ ఆఫీసుల్లో దరఖాస్తుకు బలం వస్తుంది. ఎల్‌ఐసీ 1956 సెప్టెంబర్ 1న మొదలైతే, మేనేజింగ్ డైరెక్టర్ కుర్చీలో తొలి మహిళగా ఉషా సంగ్వాన్ కూర్చున్నది 2013లో. ఆవిడ ఏజెన్సీ దారిలో కాదు, అధికారిగా చేరి పైకొచ్చారు. పై కుర్చీ దాకా వెళ్లాలనుకునే చిన్న వయసువాళ్లు అసిస్టెంట్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ పరీక్షను ఇప్పటి నుంచే చూసుకోవాలి.

ఏ దారిలో వెళ్లినా ఇంటర్వ్యూలో మీ చేతిలో ఉండాల్సినవి మూడు: ఏటా ఎన్ని పాలసీలు చేశారు, అందులో ఎన్ని 13వ నెల దాటాయి, ఎన్ని క్లెయింలు ఇప్పించారు. ఆ లాంగ్‌బుక్ ఆఖరి పేజీలో ఈ మూడు గడులూ ఇవాళే గీసి పెట్టుకోండి. నెలాఖరున నింపడానికి ఐదు నిమిషాలు చాలు.